ఇంజనీరింగ్ కాలేజీలో పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏం జరుగుతుంది? హాస్టల్లో పెట్టాలా, బస్సులో పంపాలా?

పల్లెవెలుగు_కండక్టర్:

అందరికీ నమస్కారమండి. నేను ఆర్టీసీలో కండక్టర్ని. గోదావరి జిల్లాల్లో డ్యూటీ. మా అమ్మాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ సీటు వచ్చింది. పదో తరగతి దాకా ఊళ్ళో తెలుగు మీడియం, తర్వాత ఇంటర్ ఎంపీసీ. మా వాళ్ళలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఒక్కరూ లేరు, అడగడానికి.

ఆ కాలేజీ గేటు నా రూట్లోనే ఉంది. పొద్దున్నే డ్రాయింగ్ గీసే డ్రాఫ్టర్లు, చుట్టిన షీట్లు చంకలో పెట్టుకుని దిగుతారు. సాయంత్రం ఎక్కగానే కిటికీకి తల ఆనించి నిద్రపోతారు, స్టాపు వస్తే నేనే లేపుతాను. మధ్యలో ఆ గేటు లోపల ఏం చేస్తారో మాత్రం ఎప్పుడూ తెలుసుకోలేదు.

ఇప్పుడు తెలుసుకోవాల్సిన అవసరం పడింది. మా ఊరి నుంచి కాలేజీకి 45 కిలోమీటర్లు. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి డబ్బు సంగతి కాదు, టైము సంగతి. మొదటి బస్సు 6:50కి. దారిలో రైల్వే గేటు పడకపోతే 8:40కి దిగుతుంది. మా ఆవిడ హాస్టల్ వద్దే వద్దంటోంది. అమ్మాయి హాస్టలే కావాలంటోంది. నేను మధ్యలో ఉన్నాను.

కాలేజీ వాళ్ళు ఇచ్చిన రంగుల పుస్తకం చదివాను, అందులో అందరూ నవ్వుతూ ఉన్నారు. అది కాకుండా, మామూలు రోజు ఎలా గడుస్తుందో ఉన్నదున్నట్టు చెప్పండి.

రేగడి_నేల:

అంకుల్ గారూ, నేను సివిల్ మూడో సంవత్సరం. యూనివర్సిటీ కాలేజీయే, హాస్టలే. పేరు చెప్పను, చెబితే మెస్ గురించి రాయడానికి ఉండదు. మాది పల్నాడు. పదో తరగతి అయ్యాక పాలీసెట్ రాసి డిప్లొమా చేశాను. తర్వాత ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరాను. అందుకని మొదటి సంవత్సరం గురించి నన్ను అడక్కండి, ఇంకెవరైనా చెప్తారు.

మీకు మంగళవారం చెప్తాను. మాకు ఆ రోజు సాయిల్ ల్యాబ్ ఉంటుంది. మిగతా రోజులు దాని కంటే పలచన.

పొద్దున 5:30కి లేస్తాను. చదువు మీద ప్రేమతో కాదు, ఆ టైముకి బాత్రూములు ఖాళీగా ఉంటాయని. ఆరు దాటితే బకెట్లు వరసలో ఉంటాయి, మనుషులు మంచాల మీద ఉంటారు, ఎవరి బకెట్ ఎవరు జరిపారని గొడవ. స్నానం అయ్యాక ఒక గంట దొరుకుతుంది. ఆ గంటలో స్ట్రక్చరల్ ఎనాలిసిస్ లెక్కలు చేస్తాను, అంటే బరువు పడితే బిల్డింగు ఎలా తట్టుకుంటుందో చూసేవి. ఇప్పుడు మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ నడుస్తోంది. మొమెంట్ అంటే బరువు వల్ల దూలాన్ని వంచే ప్రభావం. హార్డీ క్రాస్ అనే అమెరికా ప్రొఫెసర్ 1930లో ప్రచురించిన పద్ధతి. ఫ్రేములో జాయింట్లన్నీ బిగించేసినట్టు అనుకుని, ఒక్కొక్కటే వదులుతూ, వచ్చిన మొమెంట్‌ని పంచుతూ, అవతలి చివరికి సగం పంపిస్తూ పోవాలి. కంప్యూటర్లు లేని రోజుల్లో పెద్ద పెద్ద బిల్డింగులు ఎన్నో దీంతోనే లెక్కకట్టారట. ఇప్పుడు స్టాడ్‌ప్రో సాఫ్ట్‌వేర్ కళ్ళు మూసి తెరిచేలోపు చేసేస్తుంది. పరీక్షలో మాత్రం చేత్తోనే. ఒక్క చోట ప్లస్ బదులు మైనస్ పడితే రెండు పేజీలు కొట్టేయాలి. చాట్‌జీపీటీని అడిగేవాళ్ళు మా రూమ్‌లోనే ఉన్నారు. అది చాలా ధీమాగా ఇస్తుంది, సైన్ తప్పిందో లేదో చూసుకోవాల్సింది మనమే. చూసుకోగలిగితే అడగాల్సిన అవసరమే ఉండదు!

7:30కి టిఫిన్. ఇడ్లీ అయితే అందరూ వస్తారు, ఉప్మా అయితే సగం మంది బిస్కెట్ ప్యాకెట్లతో కానిస్తారు.

9 గంటలకి క్లాసు. మీకు ఇది ముఖ్యం, జాగ్రత్తగా చదవండి. మొదటి పీరియడ్ సారు 9:05కి అటెండెన్స్ తీసుకుంటారు, ఆ తర్వాత వచ్చినవాళ్ళు కూర్చోవచ్చు, హాజరు మాత్రం పడదు. మాకు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 కంటే తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. బస్సు మీద వచ్చే మా క్లాసు పిల్లలు చదువులో వెనకబడి కాదు, ఈ మొదటి పీరియడ్ దగ్గరే నష్టపోతారు. మీ రైల్వే గేటు సంగతి మీకే తెలుసు.

12:20 దాకా వరసగా క్లాసులు. నిజం చెప్పాలంటే వీటి గురించి రాయడానికి పెద్దగా లేదు. హైడ్రాలజీ మేడమ్ బోర్డు నిండా గ్రాఫులు వేసి, వాన పడ్డాక కాలవలో నీళ్ళు ఎంతసేపటికి పెరిగి ఎంతసేపటికి తగ్గుతాయో చెప్తారు, అది బాగుంటుంది. ఇంకొకరు స్లైడ్లు చదువుతారు. స్లైడ్లు మా వాట్సాప్ గ్రూప్‌లో ముందే ఉంటాయి. ఆర్‌సీసీ డిజైన్ క్లాసులో అందరి చేతుల్లో కాంక్రీట్ కట్టడాల నియమాలుండే ఐఎస్ 456 కోడ్ పుస్తకం జిరాక్స్ ఉంటుంది. పరీక్షలోకి కూడా దాన్ని తీసుకెళ్ళనిస్తారు. పుస్తకం చూసి రాసే పరీక్ష కదా, తేలిక అనుకుంటారు బయటివాళ్ళు. ఏ క్లాజు ఎక్కడుందో తెలియని వాడికి మూడు గంటలూ పేజీలు తిప్పడంతోనే సరిపోతుంది.

మధ్యాహ్నం మెస్‌లో పప్పు, చారు, వంకాయ కూర అనే పేరు గల ఒక పదార్థం. ఆవకాయ ఇంటి నుంచి పంపండి అంకుల్. పెద్ద సీసా పంపండి, రూమ్ మొత్తానికి అదే ఆధారం.

1:30 నుంచి 4:30 దాకా ల్యాబ్. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

ఈ నెలలో లిక్విడ్ లిమిట్ పరీక్ష చేశాం. మట్టి ఎంత తడిస్తే ముద్దలా ఉండడం మానేసి జారడం మొదలెడుతుందో చూడడం. మట్టిని 425 మైక్రాన్ల సన్న జల్లెడలో జల్లించి, నీళ్ళు కలిపి, ఒక ఇత్తడి గిన్నెలో పరిచి, మధ్యలో గాడి తీస్తాం. పక్కనున్న హ్యాండిల్ తిప్పితే ఆ గిన్నె 10 మిల్లీమీటర్లు లేచి టక్కున పడుతుంది. సెకనుకి రెండు చుట్లు తిప్పాలి. సరిగ్గా 25 దెబ్బలకి గాడి కింద 12 మిల్లీమీటర్ల పొడవున మూసుకుంటే, అప్పుడు అందులో ఎంత నీరుందో అదే లిక్విడ్ లిమిట్. అయితే 25కి ఎప్పుడూ మూసుకోదు. ఒకసారి 17కి, ఒకసారి 34కి. నీళ్ళు మారుస్తూ నాలుగైదు సార్లు చేసి గ్రాఫ్ గీసి 25 దగ్గర చదువుకోవాలి. ల్యాబ్ నిండా టక్ టక్ మని చప్పుడు, దానికి తోడు లెక్కపెడుతున్న గొంతులు. పక్క బ్యాచ్ అబ్బాయి కావాలని తప్పు అంకెలు గట్టిగా చదువుతుంటాడు.

బ్యాచ్‌కి ఆరుగురం. ఇద్దరు చేస్తారు, ఇద్దరు రాస్తారు, ఇద్దరు ఫోన్ చూస్తారు. మీ అమ్మాయికి ఒకటే చెప్పండి, హ్యాండిల్ తిప్పే ఇద్దరిలో ఉండమని. ఆడపిల్లల దస్తూరి బాగుంటుందని వాళ్ళని రాసే పనికి తోస్తారు. నేను మొదటి రోజే పెన్ను బ్యాగులో పెట్టేశాను.

వినాయక చవితికి ఇంటికెళ్ళినప్పుడు మా పత్తి చేలో మట్టి ఒక సంచిలో తెచ్చాను. ల్యాబ్ అసిస్టెంట్ గారు నవ్వారు గానీ ట్రే ఇచ్చారు. ఎండబెట్టి, చెక్క సుత్తితో నలగ్గొట్టి, జల్లించి, రెండు గాజు సిలిండర్లలో 10 గ్రాముల చొప్పున పోశాం. ఒక దాంట్లో నీళ్ళు, ఇంకో దాంట్లో కిరోసిన్. కిరోసిన్‌కి మట్టి ఉబ్బదు, నీళ్ళకి ఉబ్బుతుంది, ఆ తేడా చూడడమే పరీక్ష. 24 గంటలు కదపకూడదు. మర్నాడు క్లాసుకి ముందే పరిగెత్తి చూశాను. కిరోసిన్‌లో 11 దగ్గర ఉంది, నీళ్ళలో 21. అంటే దాదాపు 91 శాతం ఉబ్బింది. 50 దాటిన నేల మీద ఇల్లు కట్టేటప్పుడు జాగ్రత్త పడాలని మాకు చెప్తారు.

మా ఇంటి గోడల్లో పగుళ్ళున్నాయి. మేస్త్రి సిమెంటు నొక్కేశాడని మా నాన్న ఇప్పటికీ తిడతాడు. నొక్కేసి ఉండొచ్చు కూడా. కానీ పునాది కింద నేలే వానకి ఉబ్బి, ఎండకి ముడుచుకుని, నెర్రెలిస్తుంటే మేస్త్రి ఒక్కడిని అని లాభం లేదు. రేగడిలో మాంట్‌మోరిలోనైట్ అనే ఖనిజం ఉంటుంది, దాని పొరల మధ్యకి నీళ్ళు దూరతాయి. అలాంటి నేలలకి అడుగున గంటలా వెడల్పయ్యే పైల్ పునాదులు వేస్తారు, అండర్ రీమ్డ్ పైల్స్ అంటారు. రూర్కీలో ఉన్న సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్ళు మన దేశంలో వాటిని వాడుకలోకి తెచ్చారు. ఇదంతా పుస్తకంలో ఉంది, నేను డిప్లొమాలోనే చదివాను, మార్కులు కూడా వచ్చాయి. మా చేను మట్టి సిలిండర్‌లో పైకి లేచి కూర్చునే దాకా మా ఇంటి గోడ గురించి అని మాత్రం తట్టలేదు.

ఇక 4:30 తర్వాత. క్యాంటీన్లో టీ, మిరపకాయ బజ్జీ. జిరాక్స్ షాపు దగ్గర పాత ప్రశ్నపత్రాలు. ఆ షాపాయనకి ఏ సబ్జెక్టులో ఏ ప్రశ్న మళ్ళీ వస్తుందో మా సార్ల కంటే బాగా తెలుసు. అమ్మాయిల హాస్టల్‌కి రాత్రి 7 లోపల వచ్చేయాలి, రిజిస్టర్‌లో సంతకం. అబ్బాయిలకి ఆ రూలు లేదు. ఎందుకు లేదని అడిగితే మీ బాధ్యత మాది అంటారు. లైబ్రరీ 8 దాకా తెరిచే ఉంటుంది, చివరి గంట ఎవరి కోసమో మీరే ఆలోచించండి. ఈ 7 గంటల రూలు మీ ఆవిడ గారికి మాత్రం నచ్చుతుంది.

7 నుంచి 8 దాకా రికార్డు రాయడం. ఇంజనీరింగ్‌లో శుద్ధ దండగ పని ఏదంటే ఇదే చెప్తాను. ల్యాబ్‌లో చేసింది అబ్జర్వేషన్ బుక్‌లో ఒకసారి రాస్తాం, మళ్ళీ అదే నీటుగా రికార్డులో ఎక్కించాలి. ఎయిమ్, ఎపరేటస్, ప్రొసీజర్, అంతా సీనియర్ల రికార్డు చూసి దించడమే. మా సీనియర్ ఎవరో ఎక్కడో అక్షరం తప్పు రాస్తే ఆ తప్పు ఏ బ్యాచ్‌ నుంచి వస్తోందో తెలీదు, అలాగే దిగుతూ వస్తోంది. సార్లు సంతకం పెడుతూనే ఉన్నారు.

భోజనం తర్వాత 9 నుంచి కలిసి చదువుకోవడం. ఇంగ్లీషులో అర్థం కానిది ఇక్కడ తెలుగులో అర్థమవుతుంది. నలుగురం మంచాల మీద కూర్చుని ఒకరికొకరం చెప్పుకుంటాం. ఎవరికీ రానిది ఉంటే ఎన్‌పీటీఈఎల్ వీడియో పెట్టుకుంటాం. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పేవి, ఉచితమే. మిడ్ పరీక్షలు దగ్గరైతే 1 దాకా, లేకపోతే 11:30కి లైటు ఆపేస్తాం, ఆపేశాక అసలు కబుర్లు మొదలవుతాయి.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. రెండో సంవత్సరం నుంచి హాస్టలే మంచిది. మెస్ కోసం కాదు, ల్యాబ్ కోసం. తడి మట్టి తూచి ఓవెన్లో పెడితే 24 గంటల తర్వాత తీసి తూచాలి. కాంక్రీట్ క్యూబులు పోస్తే మర్నాడు అచ్చు విప్పి నీళ్ళలో వేయాలి, 7వ రోజు, 28వ రోజు పగలగొట్టాలి. ఇవేవీ టైమ్‌టేబుల్‌లో ఉండవు. 4:45 బస్సు అందుకోవాల్సిన పిల్ల వాటి అంకెలు పక్కవాళ్ళ దగ్గర ఎక్కించుకుని వెళ్ళిపోతుంది. నాలుగేళ్ళు అలాగే వెళ్ళిపోవచ్చు, డిగ్రీ కూడా వస్తుంది.

డే_స్కాలర్_సీటు_32:

అక్క రాసింది బాగుంది కానీ అందరి రోజూ అలా ఉండదు. నాది హైదరాబాద్ శివార్లలో ప్రైవేట్ కాలేజీ, కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) మూడో సంవత్సరం. 6:40కి కాలేజీ బస్సు. వెళ్ళడానికి గంటన్నర, రావడానికి రెండు. బస్సులో చదువుకోవచ్చు అని ఎవరైనా చెబితే నమ్మకండి అంకుల్, మీరు చూసేదే నిజం, అందరూ పడుకుంటారు.

మాకు ల్యాబ్ అంటే కంప్యూటర్ ముందు కూర్చోవడం, ఓవెన్లూ మట్టీ లేవు. ఇంట్లో అదే లాప్‌టాప్ ఉంది. కాబట్టి మాలాంటి వాళ్ళకి బస్సు పెద్ద నష్టం కాదు. నష్టం ఎక్కడంటే సాయంత్రం. సీఆర్‌టీ అని ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ 6 దాకా పెడతారు, ఆ రోజుల్లో ఇల్లు చేరేసరికి 8:30. అమ్మ అన్నం పెడుతుంది, ప్లేటు ముందే నిద్ర.

ఇంకో మాట, అడగకపోయినా చెప్తున్నా. సివిల్‌కి క్యాంపస్‌లో కంపెనీలు తక్కువ వస్తాయి. అదే కాలేజీలో బ్రాంచి మార్చుకునే ఇంటర్నల్ స్లైడింగ్‌లో సీఎస్ఈ దొరికితే మార్చేయండి. మా కజిన్ సివిల్ చదివి ఇప్పుడు జావా రాస్తున్నాడు. ఆ జావా ఏదో ముందే చదివితే అయిపోయేది కదా.

రేగడి_నేల:

తమ్ముడూ, మా క్లాసులో కూడా సగం మంది పైథాన్ నేర్చుకుంటున్నారు, కాదనను. కోర్, అంటే సివిల్ పనే చేసే కంపెనీలు తక్కువ వస్తాయన్నది నిజమే, వచ్చినా మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే. కానీ అంకుల్ అడిగింది రోజు ఎలా గడుస్తుందని. నువ్వు జీతం చెప్తున్నావు.

సివిల్‌కి ఉన్న దారులు కూడా చెప్పు మరి. ఏపీపీఎస్సీలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) పోస్టులున్నాయి. గేట్ అనే పరీక్ష ఉంది, ఇప్పుడు మూడో సంవత్సరంలోనే రాయనిస్తారు. 100 మార్కులు, మూడు గంటలు. అందులో 72 మన సబ్జెక్టుకే, లెక్కలకి 13, జనరల్ ఆప్టిట్యూడ్‌కి 15. ఆ మార్కులతో ఎంటెక్ సీటే కాదు, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఉద్యోగాలకి కూడా పిలుస్తాయి. నేను ఈసారి అలవాటు కోసం రాస్తున్నాను, వచ్చేసారి సీరియస్‌గా.

అమ్మాయికి ఏది ఇష్టమో అంకుల్ అసలు రాయలేదు. ముందు అది అడగాలి, స్లైడింగ్ సంగతి తర్వాత.

ఫస్టియర్_నుంచి_బయటపడ్డా:

నేను రెండో సంవత్సరం ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), హాస్టల్. మొదటి సంవత్సరం సంగతి నేను చెప్తాను.

మొదట్లో ఇండక్షన్ ప్రోగ్రామ్ అని పెడతారు. యోగా, ఉపన్యాసాలు, ఆటలు. తర్వాత ఒక్కసారిగా క్లాసులు మొదలవుతాయి. మ్యాథ్స్ ఇంటర్లాగే ఉంటుంది, భయం లేదు. వర్క్‌షాపులో ఆకురాయితో ఇనప ముక్క రాయిస్తారు, కార్పెంటరీలో చెక్క జాయింట్లు చేయిస్తారు. చేతులు బొబ్బలెక్కుతాయి, సరదాగానే ఉంటుంది. అసలు టెన్షన్ ఇంజనీరింగ్ డ్రాయింగ్. ఒక వస్తువుని ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయాలి. కొందరికి అది మొదటి రోజే కనిపిస్తుంది, కొందరికి మూడు నెలలైనా కనిపించదు. మాకు కనిపించింది హాస్టల్లోనే. పక్క గదిలో అక్క ఒక సబ్బు ముక్కని చాకుతో కోసి సెక్షన్ అంటే ఏంటో చూపించింది.

అందుకే రేగడి అక్కతో నాకు ఒక చోట కుదరదు. రెండో సంవత్సరం నుంచి హాస్టల్ అంటోంది. నేనైతే మొదటి సంవత్సరమే హాస్టల్ అంటాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకి మొదటి సెమిస్టరే కష్టం. ఆ టైములో రాత్రి 10కి తలుపు కొట్టి అడగడానికి మనుషులుండాలి. రెండో ఏడు చేరితే అప్పటికే గదులు, జట్లు అన్నీ కుదిరిపోయి ఉంటాయి.

ఆంటీ గారు ర్యాగింగ్ గురించి భయపడుతున్నారేమో. మన రాష్ట్రంలో 1997 నుంచే దానికి చట్టం ఉంది. చేరేటప్పుడు పిల్లల చేత, తల్లిదండ్రుల చేత హామీ పత్రం రాయిస్తారు. మా హాస్టల్లో సీనియర్లు మా పేర్లడిగి, పాట పాడమన్నారు. ఒకమ్మాయి ఏడ్చేసరికి వాళ్ళే కంగారుపడి ఐస్‌క్రీమ్ కొనిచ్చారు. అన్ని చోట్లా ఇంతే అని నేను చెప్పలేను. ఏదైనా జరిగితే 1800-180-5522కి ఫోన్ చేయమని చెప్పి పంపండి.

రిటైర్డ్_డీఈ_ఇరిగేషన్:

నేను డెబ్బైల్లో సివిల్ చదివాను. మా రోజు వేరే. క్యాలిక్యులేటర్ మా క్లాసులో ఒక్కడికి ఉండేది, వాడు దాన్ని రుమాల్లో చుట్టుకుని తెచ్చేవాడు. మిగిలిన వాళ్ళం స్లైడ్ రూల్, లాగరిథమ్ టేబుల్స్. డ్రాయింగ్ హాల్లో టీ స్క్వేర్ పెట్టుకుని మధ్యాహ్నమంతా నిలబడే గీసేవాళ్ళం. సర్వే అంటే గొలుసు, కంపాస్. ఇప్పటి పిల్లలు టోటల్ స్టేషన్ అనే యంత్రం పెట్టి నిమిషంలో చేసేది మాకు ఒక పూట.

నాకు గుర్తున్న రోజు మాత్రం క్లాసులోది కాదు. స్టడీ టూర్లో ధవళేశ్వరం తీసుకెళ్ళారు. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట స్థానంలో కొత్త బరాజ్ కడుతున్న కాలం అది. ఇప్పుడు దానికి 175 గేట్లున్నాయి, మేం చూసినప్పుడు పనులు నడుస్తున్నాయి. గట్టు మీద ఉన్న ఇంజనీరు గారు మాతో ఒక గంట మాట్లాడారు. ఏ పుస్తకంలో చదివింది ఎక్కడ పనికొస్తోందో వేలు పెట్టి చూపించారు. ఇరిగేషన్‌లో చేరాలని అక్కడే అనుకున్నాను. కండక్టర్ గారూ, టూర్లకి డబ్బు అడిగితే కాదనకండి. మీ అమ్మాయిని మీరే ఒకసారి ధవళేశ్వరం తీసుకెళ్ళినా మంచిదే, మీకు దగ్గరే కదా.

రేగడి అమ్మాయికి ఒక మాట. పైల్స్ కొత్తగా కట్టే ఇంటికి సరే. మీ నాన్నగారి పాత ఇంటికి ఇప్పుడు చేయగలిగింది వేరే ఉంది. గోడల చుట్టూ కనీసం మీటరున్నర వెడల్పున, బయటికి వాలుగా, పగుళ్ళు లేకుండా గచ్చు చేయించు. చూరు నీళ్ళు పునాది దగ్గర పడకుండా గొట్టం పెట్టి దూరంగా వదలమను. గోడ పక్కన పెద్ద చెట్టు ఉందా? వేళ్ళు వేసవిలో నీరు లాగేస్తాయి, అక్కడ నేల ఇంకా ముడుచుకుంటుంది. పునాది కింద తేమ ఏడాదంతా ఒకేలా ఉంటే రేగడి మనల్ని ఏమీ అనదు. పగుళ్ళు పూర్తిగా పోవు గానీ పెరగడం తగ్గుతుంది. పగులుకి అడ్డంగా చిన్న గాజు పలక సిమెంటుతో అతికించు. అది విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం.

రేగడి_నేల:

సర్, వేప చెట్టు ఉంది, గోడకి ఆనుకునే! దాన్ని కొట్టమంటే మా నాయనమ్మ నన్ను కొడుతుంది. గచ్చు, గొట్టం దసరాకి చేయిస్తాను. గాజు పలక సంగతి మా మేడమ్‌ని కూడా అడుగుతాను. చాలా థాంక్స్ సర్.

పల్లెవెలుగు_కండక్టర్:

అందరూ ఇంత ఓపిగ్గా రాశారు, సంతోషం. మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. వంకాయ కూర దగ్గర ఆగిపోయి, పిల్ల చిక్కిపోతుంది అంది. తర్వాత రిజిస్టర్‌లో సంతకం, 7 గంటల రూలు విని కాస్త మెత్తబడింది. పాప దగ్గర కూర్చుని అడిగాను, సివిలే కావాలంది. ఎందుకే అంటే మా ఊరి లాకుల దగ్గర చిన్నప్పుడు నీళ్ళు ఆగడం చూసేదట. నాకు తెలీదు ఆ సంగతి. స్లైడింగ్ వద్దనుకున్నాం.

హాస్టల్‌కి అప్లికేషన్ పెడుతున్నాం. మొదటి సంవత్సరం నుంచే. రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఏమేం కొనాలి? ఊళ్ళో షాపువాడు పెద్ద లిస్టు చెప్పాడు, లాప్‌టాప్‌తో మొదలెట్టాడు. రెండు, ఆదివారమేనా, వేరే రోజు కూడా వచ్చి చూడనిస్తారా? నాకు వీక్లీ ఆఫ్ బుధవారం.

రేగడి_నేల:

షాపువాడి మాట వినకండి. లాప్‌టాప్ మొదటి సంవత్సరం అక్కర్లేదు, కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఉంటుంది. కంప్యూటర్లో డ్రాయింగ్ గీసే ఆటోక్యాడ్ మొదలయ్యాక చూసుకోవచ్చు. డ్రాఫ్టర్ కొత్తది కొనకండి, సీనియర్ల దగ్గర సగం ధరకి దొరుకుతుంది. స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూసి తీసుకోమనండి. క్యాలిక్యులేటర్ మాత్రం కొత్తదే కొనండి, క్యాసియో ఎఫ్ఎక్స్-991 రకం, నాలుగేళ్ళూ అదే. వర్క్‌షాప్‌కి ఏప్రాన్, బూట్లు కావాలి, ఏ రంగు అన్నది కాలేజీలో చెప్పాకే కొనండి. కోడ్ పుస్తకాలు ఇప్పుడే వద్దు.

హాస్టల్‌కి బకెట్, మగ్గు, మంచి తాళం, ఎక్స్‌టెన్షన్ బోర్డు, దోమతెర. బకెట్ మీద పెయింటుతో పేరు రాయించండి, పెద్ద అక్షరాలతో.

బుధవారం విజిటర్స్ టైము మా దగ్గర 4:30 నుంచి 6 దాకా ఉంటుంది, మీ కాలేజీలో వార్డెన్‌ని అడగండి. ఎలాగూ మీ బస్సు గేటు ముందే ఆగుతుంది కదా, ఆవకాయ సీసా డ్యూటీలో ఉన్నప్పుడు వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళొచ్చు.